పాత మోటారు బోటు బాగుచేయిస్తున్నారా? రంగులు, సీట్లు తర్వాత.. ముందు ఈ పైపు సంగతి చూడండి!

రీల్స్‌లోనో, యూట్యూబ్ వీడియోల్లోనో మీరూ చూసే ఉంటారు. తెల్లటి మోటారు బోటు, దాని వెనక గోడలో ఒక రంధ్రం.. అందులోంచి బుడబుడమంటూ పొగతో పాటు నీళ్లు చిమ్ముతుంటాయి. చూడగానే చాలామందికి వచ్చే మొదటి డౌట్.. బోటు లీకవుతోందా? అని. అది లీకేజీ కాదు. అలా నీళ్లు రావడమే ఇంజిన్‌కు చల్లదనం అందుతోందనడానికి గుర్తు. ఆ నీళ్లు ఆగిపోతేనే కంగారు పడాలి.

దీన్నే వెట్ ఎగ్జాస్ట్ అంటారు. సింపుల్‌గా చెప్పాలంటే తడి పొగగొట్టం. అమెరికా, యూరప్‌లలో సెకండ్ హ్యాండ్ మోటారు బోటు కొని బాగుచేయించుకునేవాళ్లు ఎక్కువే. అక్కడి సరస్సుల దగ్గర స్థిరపడిన మన తెలుగువాళ్లలోనూ ఈ సరదా ఉన్నవాళ్లున్నారు. అయితే చాలామంది ముందు రంగు, సీట్లు, మ్యూజిక్ సిస్టమ్ మీద డబ్బులు పెడతారు. ఇంజిన్ వెనక చీకట్లో ఉండే ఈ పైపును ఎవరూ పట్టించుకోరు. ఇంజిన్ పోవడానికైనా, బోటు మునగడానికైనా, ఒక్కోసారి ప్రాణం మీదకు రావడానికైనా దారి అక్కడే ఉంటుంది. అది ఎలా పనిచేస్తుంది? పాత బోటులో ఏం చూడాలి? ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

అసలేంటీ వెట్ ఎగ్జాస్ట్?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కో, కాకినాడకో వెళ్తే మరబోట్ల మీద నిలువుగా లేచిన పొగగొట్టం కనిపిస్తుంది. అది డ్రై ఎగ్జాస్ట్. వేడి పొగ నేరుగా పైకి పోతుంది. వేట బోటుకు అది సరిపోతుంది. అయితే ఆ పైపు నిప్పులా కాలుతుంది. సౌండ్ కూడా ఎక్కువే. పడుకునే గదులు, వంటగది ఉన్న విహార బోటు మధ్యలోంచి అలాంటి పైపు పోనివ్వడం కష్టం.

అందుకే వేరే ఉపాయం కనిపెట్టారు. డీజిల్ ఇంజిన్ నుంచి వచ్చే పొగ లోడ్ మీద ఉన్నప్పుడు 400 డిగ్రీల సెల్సియస్ కూడా దాటుతుంది. అందులోకి సముద్రపు నీళ్లో, సరస్సు నీళ్లో చిమ్ముతారు. దాంతో వేడి ఒక్కసారిగా పడిపోతుంది. అంత వేడిగా ఉన్న పొగ రబ్బరు హోస్‌లోంచి పోయేంత చల్లబడుతుంది. సౌండ్ తగ్గుతుంది, బోటు లోపల మంట భయమూ తగ్గుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. తిరకాసు ఎక్కడంటే.. సముద్రాన్ని మనమే తెచ్చి ఇంజిన్ గుమ్మం దాకా వదులుతున్నాం. ఆ నీళ్లు బయటికే పోవాలి. పొరపాటున వెనక్కి తిరిగాయో, ఇంజిన్ ఖతం.

నీళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తాయి?

బోటు అడుగున సీకాక్ అనే వాల్వ్ ఉంటుంది. నీళ్లు అక్కడి నుంచే లోపలికి వస్తాయి. తర్వాత నాచు, చెత్త పట్టేసే జాలీ. ఆ తర్వాత పంపు. పంపులో ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం తిరుగుతూ నీళ్లు లాగుతుంది. ఆ నీళ్లు హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి వెళ్లి, ఇంజిన్ లోపల తిరిగే కూలెంట్ వేడిని తీసుకుంటాయి. చివరికి ఎగ్జాస్ట్ ఎల్బో అనే వంపు దగ్గర వేడి పొగలో కలుస్తాయి.

అక్కడి నుంచి పొగ, నీళ్లు కలిసి కిందికి దిగి వాటర్‌లాక్ అనే డబ్బాలో పడతాయి. ఇది సైలెన్సర్ పని కూడా చేస్తుంది. డబ్బాలో నీళ్లు చేరగానే వెనక నుంచి పొగ ఒత్తిడి వాటిని పైకి తోస్తుంది. అవి ఎత్తైన వంపు ఎక్కి బోటు వెనక నుంచి బయటపడతాయి. ఆ వంపును గూస్‌నెక్ అంటారు, చూడ్డానికి బాతు మెడలా ఉంటుంది కాబట్టి. వెనక నుంచి అల వచ్చి కొట్టినా నీళ్లు లోపలికి రాకుండా ఆపేది ఈ మెడే.

ఇంజిన్ ఆగగానే తోసే ఒత్తిడి ఉండదు. పైపులో మిగిలిన నీళ్లు జారి మళ్లీ డబ్బాలోకే వస్తాయి. కాబట్టి ఆ నీళ్లన్నీ పట్టేంత జాగా డబ్బాలో ఉండాలి. ఒక చిన్న లెక్క చూద్దాం. 75 మిల్లీమీటర్ల హోస్ 2 మీటర్ల పొడవుంటే, అది నిండా దాదాపు 9 లీటర్లు పడుతుంది. నడిచేటప్పుడు అందులో పొగ కూడా ఉంటుంది కాబట్టి పైపు పూర్తిగా నిండదు. అయినా డబ్బా 4 లీటర్లదే అయితే రిస్కే. మిగతా నీళ్లు ఎటు పోతాయి? ఇంజిన్ వైపే.

ఇంజిన్ ఆపాక మొదలయ్యే ప్రమాదం

బైక్ ట్యాంకులోంచి పెట్రోల్ తీయడం చూశారుగా. పైపు పెట్టి ఒక్కసారి నోటితో లాగితే చాలు, ఆ తర్వాత దానంతట అదే కారుతుంది. దీన్నే సైఫన్ అంటారు. బోటులోనూ ఇదే జరుగుతుంది.

చాలా బోట్లలో ఇంజిన్ నీటి మట్టానికి దగ్గరగానో, అంతకంటే కిందనో ఉంటుంది. ఇంజిన్ ఆగినా పంపు పూర్తిగా మూసుకుపోదు. రబ్బరు రెక్కల పక్క నుంచి నీళ్లు మెల్లగా జారుతూనే ఉంటాయి. సాయంత్రం బోటు కట్టేసి ఇంటికి వెళ్లిపోతారు. రాత్రంతా చుక్క చుక్కగా వచ్చి ముందు వాటర్‌లాక్ నిండుతుంది, తర్వాత ఎల్బో, ఆ తర్వాత తెరుచుకుని ఉన్న వాల్వ్‌లోంచి సిలిండర్‌లోకి. మర్నాడు పొద్దున్నే కీ తిప్పితే 'టక్' అని ఆగిపోతుంది. గాలిని నొక్కొచ్చు గానీ నీటిని నొక్కలేం కదా. పిస్టన్ పైకి రాలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. లక్షల ఇంజిన్ ఒక్క రాత్రిలో తుక్కు.

దీనికి విరుగుడు యాంటీ సైఫన్ వాల్వ్. నీళ్లు ఎల్బోలో కలిసే ముందు పైపును పైకి తీసుకెళ్లి, ఆ వంపు పైన ఈ చిన్న వాల్వ్ పెడతారు. ఇంజిన్ ఆగగానే ఇది గాలిని లోపలికి వదులుతుంది, సైఫన్ తెగిపోతుంది. నీళ్లు కలిసే చోటు నీటి మట్టానికి కనీసం 15 సెంటీమీటర్లు పైన లేకపోతే ఈ వాల్వ్ ఉండాల్సిందేనన్నది చాలామంది పాటించే లెక్క. కొన్ని ఇంజిన్ల మాన్యువల్స్ ఇంకా ఎక్కువ ఎత్తు అడుగుతాయి. మీ ఇంజిన్ మాన్యువల్ ఏం చెబితే అదే ఫైనల్.

ఇంకో విషయం. ఈ వాల్వ్‌లో ఉప్పు పేరుకుంటే అది బిగుసుకుపోతుంది. ఉన్నా లేనట్టే. ఏటా ఒకసారి విప్పి, మంచినీళ్లతో కడగాలి.

రిఫిట్‌లో చాలామంది మర్చిపోయే లెక్క

పాత బోటు బాగుచేయించినప్పుడు దాని బరువు అలాగే ఉండదు. కొత్త బ్యాటరీలు, జనరేటర్, ఫ్రిజ్, పెద్ద నీళ్ల ట్యాంకు.. ఒక్కోటి చేరేకొద్దీ బోటు నీళ్లలో ఇంకాస్త దిగుతుంది. నాలుగైదు సెంటీమీటర్లే కావొచ్చు. కానీ ఎల్బోకు, నీటి మట్టానికి మధ్య ఉన్న తేడాయే 15 సెంటీమీటర్లయితే, అందులో మూడో వంతు పోయినట్టే.

ఇంకో తప్పు.. కొలతలు బోటు ఒడ్డున ఉన్నప్పుడు తీయడం. పాత రంగు గీత చూసి ఇదే నీటి మట్టం అనుకుంటారు. అలా కాదు. బోటును నీళ్లలో దించి, ట్యాంకులు నింపి, మనుషులు ఎక్కాక కొలవాలి. కొత్త ఇంజిన్ పాతదాని కంటే పొట్టిగా ఉంటే ఎల్బో ఎత్తు కూడా తగ్గుతుంది. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాత ఇంజిన్‌తో నలభై ఏళ్లు ఏ ఇబ్బందీ లేకుండా తిరిగిన బోటు, రిఫిట్ అయిన వారానికే ఇంజిన్‌లోకి నీళ్లు తెచ్చుకోవడానికి ఈ తేడా చాలు.

స్టార్ట్ కాలేదని కీ తిప్పుతూనే ఉంటే..

డీజిల్ అందకో, బ్యాటరీ వీకయ్యో ఇంజిన్ అందుకోదు. మనం ఏం చేస్తాం? మళ్లీ మళ్లీ స్టార్టర్ కొడతాం. కారులో అయితే పోయేది బ్యాటరీయే. బోటులో అలా కాదు. స్టార్టర్ తిప్పిన ప్రతిసారీ పంపు కూడా తిరుగుతుంది, నీళ్లు ఎల్బోలోకి వస్తూనే ఉంటాయి. కానీ ఇంజిన్ మండలేదు కాబట్టి వాటిని బయటికి తోసే పొగ ఉండదు. దీంతో వాటర్‌లాక్ నిండి నీళ్లు ఇంజిన్ వైపు ఎగదన్నుతాయి.

అందుకే రెండు మూడు ప్రయత్నాలకు స్టార్ట్ కాకపోతే ముందు సీకాక్ మూసేయండి. వాటర్‌లాక్ కింద డ్రెయిన్ ఉంటే విప్పి నీళ్లు వదిలేయండి. తర్వాత రిపేర్ చూడండి. ఇంజిన్ అందుకోగానే సీకాక్ తెరవడం మాత్రం మర్చిపోవద్దు. లేదంటే ఇంపెల్లర్ నీళ్లు లేకుండా తిరిగి నిమిషంలోపే ముక్కలైపోవచ్చు. ఈ పని మర్చిపోతారనే కొందరు స్టార్ట్ కీకి ఒక ట్యాగ్ కట్టి, దాని మీద సీకాక్ అని రాసుకుంటారు.

పాత బోటులో ముందు చూడాల్సినవి ఇవే..

ఉదాహరణకు గ్రాండ్ బ్యాంక్స్ 36 బోట్లనే తీసుకుందాం. 1960ల్లో మొదలైన ఈ మోడల్‌ను ముందు హాంకాంగ్‌లో, తర్వాత సింగపూర్‌లో తయారుచేశారు. చాలా వాటిలో 120 హార్స్‌పవర్ ఫోర్డ్ లేమన్ డీజిల్ ఇంజిన్ ఉంటుంది. యాభై ఏళ్లు దాటినా తిరుగుతున్న బోట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇంజిన్ గట్టిదే. కానీ ఇంత వయసున్న బోటు చేతులు మారుతూ వస్తుంది. ఎగ్జాస్ట్‌లో ఎవరు ఏ ముక్క మార్చారో, ఏది అలాగే వదిలేశారో కాగితాల మీద ఉండదు. అందుకే ఎల్బో నుంచి చివరి దాకా విప్పి చూడాల్సిందే.

ఎల్బో: అన్నిటికంటే ముందు పాడయ్యేది ఇదే. వేడి పొగ, ఉప్పునీళ్లు కలిసేది ఇక్కడే కాబట్టి లోపల తుప్పు పట్టి గోడ పల్చబడుతుంది. మసి, తుప్పు కలిసి గట్టిపడి దారి ఇరుకవుతుంది, గుండె నాళాల్లో కొవ్వు పేరుకున్నట్టు. బయట రంగు నిగనిగలాడుతున్నా లోపల చిల్లు పడి ఉండొచ్చు. కాబట్టి విప్పి, టార్చ్ వేసి చూడాలి. ఉప్పునీళ్లలో తిరిగే బోటుకు ఎప్పుడు మార్చారో తెలియకపోతే కొత్తది వేయించుకోవడమే నయం.

హోస్: చేత్తో నొక్కి చూడండి. మరీ మెత్తబడినా, పగుళ్లు కనిపించినా, లోపలి పొర ఊడినా తీసేయండి. కారు రేడియేటర్ హోస్ ఇక్కడ పనికిరాదు. ఎగ్జాస్ట్ కోసమే తయారైన, ఎస్‌ఏఈ జె2006 ప్రమాణం ముద్ర ఉన్న హోస్ వాడాలి. నీళ్లు పూర్తిగా ఆగిపోయినా రెండు నిమిషాలు తట్టుకోవాలన్నది ఆ ప్రమాణంలోని పరీక్ష.

క్లాంప్‌లు: ప్రతి జాయింట్‌కు రెండేసి ఉండాలి. స్క్రూతో సహా మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలే ఉండాలి. బెల్టు మెరుస్తూ స్క్రూ తుప్పు పట్టిందంటే అది నాసిరకం.

రాగి, ఇత్తడి ముక్కలు: పాత ఓనర్ చేతికి దొరికిన ఇత్తడి బెండ్ బిగించి ఉండొచ్చు. డీజిల్ పొగలోని గంధకం తడితో కలిసి ఆ లోహాన్ని తినేస్తుంది. డీజిల్ ఎగ్జాస్ట్ దారిలో రాగి, ఇత్తడి ఉండకూడదు.

పాత చుట్టలు: ఎల్బోకు ముందున్న వేడి భాగానికి బూడిద రంగు నార లాంటి చుట్ట ఉందా? దశాబ్దాల నాటి బోటయితే అది ఆస్బెస్టాస్ కావొచ్చు. గీకొద్దు, చింపొద్దు. పరీక్ష చేయించి, ఆ పని తెలిసినవాళ్లతోనే తీయించండి.

కొత్త ఇంజిన్.. పాత పైపు! ఇది కుదరదు

పాత ఇంజిన్ తీసేసి ఎక్కువ పవర్ ఉన్న టర్బో ఇంజిన్ పెడతారు. ఖర్చు తగ్గించుకుందామని ఎగ్జాస్ట్ మాత్రం పాతదే ఉంచేస్తారు. ఎక్కువ పవర్ అంటే ఎక్కువ పొగ, ఎక్కువ నీళ్లు. దారి ఇరుకైతే ఒత్తిడి వెనక్కి తంతుంది. దీన్నే బ్యాక్ ప్రెషర్ అంటారు. అప్పుడు ఇంజిన్ నల్లపొగ కక్కుతుంది, ఫుల్ స్పీడ్ అందుకోదు, వేడెక్కుతుంది, టర్బో మీద భారం పడుతుంది.

హోస్ సైజు ఇంజిన్ అవుట్‌లెట్ కంటే ఎక్కడా తగ్గకూడదు. కొంచెం పెంచినా తేడా పెద్దగానే ఉంటుంది. 50 మిల్లీమీటర్ల పైపు బదులు 75 మిల్లీమీటర్లది వేస్తే లోపలి జాగా రెండింతలు దాటుతుంది. నిటారు మలుపులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. అయితే పైపు పెద్దదయ్యేకొద్దీ వెనక్కి జారే నీళ్లూ పెరుగుతాయి. కాబట్టి వాటర్‌లాక్ కూడా పెద్దదే కావాలి. ఒకటి మారిస్తే రెండోదీ మారాలన్నమాట.

బ్యాక్ ప్రెషర్ కొలవడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. మేస్త్రీలు లెవెల్ చూసే ట్యూబు లాంటి పారదర్శక పైపును యు ఆకారంలో వంచి, నీళ్లు పోసి, నీళ్లు కలవక ముందున్న ఎగ్జాస్ట్ భాగానికి ఒక కొస కలపాలి. బోటును నీళ్లలో గేరు వేసి, ఫుల్ స్పీడ్‌లో నడుపుతూ రెండు వైపులా నీటి మట్టంలో తేడా చూడాలి. 70 సెంటీమీటర్ల తేడా అంటే సుమారు ఒక పీఎస్ఐ. దాన్ని మాన్యువల్‌లో ఇచ్చిన లిమిట్‌తో పోల్చుకోవాలి. ఆ పైపు, అది బిగించిన చోటు బాగా వేడెక్కుతాయి కాబట్టి ఈ పని మెకానిక్‌తోనే చేయించండి.

నీళ్లు ఆగితే ముందు కాలేది హోసే

సీకాక్‌కు ప్లాస్టిక్ సంచి అడ్డం పడిందనుకుందాం. ఇంజిన్ టెంపరేచర్ మీటర్ వెంటనే పైకి లేవదు. ఎందుకంటే అది చూపించేది లోపలి కూలెంట్ వేడి, అది పెరగడానికి టైమ్ పడుతుంది. ఈలోపే నీళ్లు లేని వేడి పొగ రబ్బరు హోస్‌ను, ప్లాస్టిక్ వాటర్‌లాక్‌ను కాల్చేస్తుంది. హోస్‌కు చిల్లు పడ్డాక అడ్డం తొలగి నీళ్లు మళ్లీ వస్తే ఇంకో ఆపద. పంపు నిమిషానికి పదుల లీటర్ల నీళ్లను బోటు లోపలికే పోస్తుంది. ఇంజినే బోటును ముంచుతుందన్నమాట.

అందుకే ఎల్బో తర్వాత హోస్ మీద వేడి పసిగట్టే అలారం పెట్టించుకోవాలి. ఇంజిన్ ఖర్చుతో పోలిస్తే దీని ఖర్చు నామమాత్రం. స్టార్ట్ చేయగానే వెనక్కి వెళ్లి నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకోవడం ఇంకా తేలిక, పైసా ఖర్చు లేదు. నీళ్లు తగ్గి తెల్లటి ఆవిరి ఎక్కువైందంటే చల్లదనం సరిపోవడం లేదని అర్థం. ఇంపెల్లర్ విరిగితే కొత్తది వేస్తే సరిపోదు, ఊడిన రెక్కల ముక్కలన్నీ వెతికి తీయాలి. లేదంటే అవి హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఇరుక్కుని మళ్లీ నీళ్లకు అడ్డం పడతాయి.

కనిపించని విషం.. నీళ్లలో కడిగినా పోదు

చాలామందికి ఉన్న అపోహ ఇది. పొగ నీళ్లలోంచి పోతోంది కదా, విషం కూడా కరిగిపోతుందిలే అనుకుంటారు. అది నిజం కాదు. నీళ్లు వేడిని తగ్గిస్తాయి, కొంత మసిని పట్టేస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం అలాగే బయటికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోల్ ఇంజిన్లలో ఇది చాలా ఎక్కువ. డీజిల్‌లో తక్కువే గానీ, అసలు ఉండదని కాదు.

అమెరికాలో యూటా, అరిజోనా రాష్ట్రాల మధ్య ఉన్న లేక్ పోవెల్‌లో 2000 ఆగస్టులో ఇద్దరు చిన్నారి అన్నదమ్ములు ఇలాగే చనిపోయారు. హౌస్‌బోటు జనరేటర్ పొగ వెనక డెక్ కింద ఉన్న ఖాళీలోకి వదిలేలా ఉంది. పిల్లలు అక్కడికి ఈదుకుంటూ వెళ్లారు. ఆ ఘటన తర్వాత అమెరికా ప్రభుత్వ సంస్థలు హౌస్‌బోట్ల ఎగ్జాస్ట్ మీద లోతుగా పరిశోధన చేశాయి. నడుస్తున్న బోటు వెనక చెక్కను పట్టుకుని వేలాడే టీక్ సర్ఫింగ్ అనే ఆటను కాలిఫోర్నియా 2005 నుంచి చట్టం చేసి నిషేధించింది.

పాత బోటు రిఫిట్‌లో దీన్ని ఎలా చూడాలి? పొగ బయటికి వచ్చే చోటు ఈత మెట్ల కిందో, కిటికీ పక్కనో ఉందేమో చూడండి. పడుకునే ప్రతి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి. ఇంజిన్ గాని, జనరేటర్ గాని నడుస్తుంటే వెనక వైపు ఎవరినీ ఈదనివ్వొద్దు. తలనొప్పి, వికారం, మత్తు.. ఈ లక్షణాలు సముద్ర ప్రయాణం పడనప్పుడు కూడా వస్తాయి కాబట్టి జనం తేలిగ్గా తీసుకుంటారు. బోటులో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా అనిపిస్తే వెంటనే ఇంజిన్ ఆపి, అందరినీ స్వచ్ఛమైన గాలిలోకి తీసుకెళ్లి, ఎమర్జెన్సీకి ఫోన్ చేయాలి.

ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయని డౌట్ వస్తే?

మొదటి రూల్.. స్టార్టర్ ముట్టుకోవద్దు. ఇంకోసారి చూద్దాం అనే ఆ ఒక్క ప్రయత్నమే రాడ్ వంచేస్తుంది. సీకాక్ మూసేయండి. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. మెకానిక్ వచ్చి ఇంజెక్టర్లు తీసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపుతారు. తర్వాత ఆయిల్, ఫిల్టర్ ఒకటికి రెండుసార్లు మార్చి, వీలైనంత త్వరగా ఇంజిన్ నడిపి ఆరబెడతారు. ఉప్పునీళ్లు లోపల గంటలు గంటలు ఉంటే తుప్పు మొదలవుతుంది. కాబట్టి రేపు చూద్దాంలే అనొద్దు.

డబ్బులు ఇచ్చే ముందు ఈ 7 ప్రశ్నలు అడగండి

1. ఎల్బో ఎప్పుడు మార్చారు? విప్పి చూపిస్తారా?

2. లోడ్‌తో నీళ్లలో ఉన్నప్పుడు, నీళ్లు కలిసే చోటు నీటి మట్టానికి ఎంత పైన ఉంది?

3. యాంటీ సైఫన్ వాల్వ్ ఉందా? పనిచేస్తోందా?

4. హోస్ ఎగ్జాస్ట్ కోసం తయారైనదేనా? ప్రతి జాయింట్‌కు రెండు క్లాంప్‌లు ఉన్నాయా?

5. వెనక్కి జారే నీళ్లన్నీ వాటర్‌లాక్‌లో పడతాయా?

6. ఎగ్జాస్ట్ వేడి అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉన్నాయా?

7. ఇంజిన్ మారిస్తే బ్యాక్ ప్రెషర్ కొలిచారా? ఎంత వచ్చింది?

వీటిలో రెండు మూడింటికి సరైన సమాధానం రాకపోతే బోటు చెడ్డదని కాదు. రిఫిట్ బడ్జెట్‌లో మొదటి ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలిసిందని అర్థం. సీటు కవర్లు వచ్చే ఏడాదైనా మార్చుకోవచ్చు. ఈ పైపు పని మాత్రం బోటు నీళ్లలోకి దిగేలోపే అయిపోవాలి.